చీకట్లో నాలుగోవాడు

"పిరమిడ్లు చూశావంట్రా మాలకొండయ్యా?"
గ్లాసులు కడుగుతూ సుభాని.
చూశా. దూరం నుంచే.
ఓనరుగారు ఒంటె మీద ఫోటో దిగుతుంటే
తాడు పట్టుకున్నది నేనే, ఫోటోలో చెయ్యి మాత్రం పడింది.

ఎర్రరాయి బేరానికి పోతూ
రంపం తెలిసినోడొకడు పక్కనుండాలని
నన్ను తోలుకెళ్లారు గానీ
నేను చెప్పాలనుకున్నది ఒంటె సంగతి కాదు.

అస్వాన్‌లో ఒక రాయుంది, పడుకోనుంది.
నూటముప్పై అడుగుల స్తంభం చేసి నిలబెడదామనుకున్నారు.
మూడు పక్కలు చెక్కారు,
అడుగు పక్క ఇంకా కొండ ఒళ్లోనే ఉంది.
ఇనుము లేదంట వాళ్లకి. నల్ల గుండ్రాళ్లతో కొట్టారంట, కొట్టి, కొట్టి.
ఒక గుండు నా చేతికిచ్చారు.
నెలలబిడ్డంత బరువు.
చుక్కల్లేని మన చీమకుర్తి రాయి.

గైడు లెక్కలు చెప్తున్నాడు, ఇన్ని వేల ఏళ్లు, ఇన్ని టన్నులు.
అందరూ ఫోన్లెత్తారు.
నేను మోకాళ్ల మీద కూర్చుని
నెర్రె వెంబడి గోరు నడిపించా.
ఇదిగో, ఇక్కడ. ఇక్కడ ఆగిపోయుంటాడు ఎవడో మేస్త్రీ.
గుండు కింద పెట్టి
తలగుడ్డ విప్పి మొహం తుడుచుకునుంటాడు.
రామతీర్థం గుంతలో ఎనిమిది నెలల బెంచీకి
వెంట్రుకంత చీలిక కనబడ్డనాడు
చెంచురామయ్య మామ బీడీ అడిగాడు,
గుర్తుందా,
వెలిగించుకోలేదు.

దారిలో డ్రైవరు డబ్బా మూత తీశాడు.
ఉప్పులో మగ్గేసిన చేప.
వసంతం పండక్కి ఉల్లిపాయలు నంజుకుని
నైలు ఒడ్డున గడ్డిలో కూర్చుని తింటారంట, ఊరు ఊరంతా.
మూత తియ్యంగానే కొత్తపట్నం వచ్చి కార్లో కూర్చుంది.
ఓనరుగారు అద్దం దించారు.
నేను నోట్లో నీళ్లు మింగా.

ఆ తెల్లారుజామున అబూ సింబెల్.
మన మాలకొండసామి వారానికోసారి, శనివారం, తలుపు తీస్తాడు గదా,
అక్కడ సూర్యుడికి ఏడాదికి రెండే రోజులు.
చలిలో, డప్పుల్లో, వేలమంది వరస.
ఒకామె చెప్పులు తెగి చేతబట్టుకుని నిలబడుంది,
అచ్చం మన మెట్ల దారిలో లాగే.

ఆ గుడిని కోసి పైకెత్తారంట,
ఆనకట్ట నీళ్లు మింగకుండా.
అతుకెక్కడో గైడు చూపించకముందే కనిపెట్టా.
మంచి కోత.
చేతిరంపం, తొందరపడని చెయ్యి.
రాజు పేరు అందరూ పలుకుతున్నారు.
ఆ చేతి పేరు అడిగితే గైడు వాచీ చూసుకున్నాడు.

ఎండ లోపలికొచ్చింది, పసుపునీళ్లు పారినట్టు,
గడప దాటి, స్తంభాలు దాటి, చివరి గదిలోకి.
గోడకానుకుని నలుగురు.
ముగ్గురి మొహాలు వెలిగాయి.
నాలుగోవాడి దగ్గరికొచ్చి ఎండ పక్కకి జరిగింది.
"వాడు చీకటి దేవుడు, వాడికి వెలుగు తగలదు" అన్నాడు గైడు.
బయటికొస్తా వొస్తా ఇంకో మాట జారవిడిచాడు,
"పనోళ్ల దేవుడు కూడా. ఉలీ సుత్తీ పట్టినోళ్లకి."

నవ్వొచ్చింది సుభానీ.
అంతమందిలో ఆపుకోలేకపోయా.
ఓనరుగారు ఏంట్రా అన్నారు.
ఏం లేదు సార్ అన్నా.

మన గుంత అడుక్కి
ఎండ పన్నెండింటికి దిగుతుంది.
కాసేపే. తడిరాయి మీద చుక్కలు లేస్తాయి.
టికెట్టు లేదు, వరసా లేదు,
మనం అప్పుడు క్యారేజీ విప్పుకుంటూ ఉంటాం.

కొట్టు వెనక, రేకు నీడలో,
దుమ్ము దగ్గు దగ్గుతా
చెంచురామయ్య మామ అంతా విన్నాడు.
"మామా, నీ దేవుడొకడున్నాడు అక్కడ" అన్నా.

చాలాసేపు ఊపిరి అందుకున్నాడు.
"రాయేం రాయిరా?"

"ఇసకరాయి మామా."

"అయితే తేలికే" అన్నాడు
ఎండలోకి జరక్కుండానే.